దూరము – కాలము – మనము

కళాశాలలో క్రొత్తగా చేరిన విద్యార్థులలో ఎవరో ఒకరు ప్రతి సంవత్సరము మమ్ములను ఒక ప్రశ్న అడుగుతుంటారు. "సార్, ఇక్కడి నుంచి అమెరికా ఎంత దూరం?" మేము వెంటనే జవాబు చెప్పము. "నీకు కిలోమీటర్లు కావలెనా, గంటలు కావలెనా?" అని తిరిగి అడుగుతాము. ఇన్నేళ్ళలో కిలోమీటర్లు కావలెనన్న విద్యార్థి ఒక్కడూ కనబడలేదు. అందరికీ గంటలే కావలెను.

ఇందులో ఆశ్చర్యపడవలసినది ఏమియు లేదు. మన పెద్దలు కూడ దూరమును కాలముతోను, కాలి శ్రమతోను కొలిచినవారే. తెలుగువారు ఆమడ అన్నారు, ఉర్దూవారు కోసు అన్నారు. దారిలో రాత్రి ఆగిన చోటును ఉర్దూలో మంజిల్ అన్నారు. అదే మాట తెలుగులోనికి వచ్చి మజిలీ అయినది. కాశీమజిలీ కథలు చదివి పెరిగిన తెలుగు పిల్లవానికి అది పరాయి మాట అని తోచనే తోచదు. ప్రయాణపు మాటలు కూడ ప్రయాణము చేస్తాయన్నమాట.

మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి, మన హైదరాబాదు మీదుగా పోయి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరినారు. పోయి రావడానికి ఆయనకు పట్టిన కాలము 15 నెలల పైచిలుకు. ఈనాడు మన శంషాబాదులో విమానమెక్కిన మనిషి మరుసటి దినమునకు భూగోళపు అవతలి ప్రక్క కాలు పెడుతున్నాడు. ఈ రెండు ప్రయాణములకు నడుమ ఉన్న కాలము రెండు వందల ఏండ్లు కూడ కాదు.

మానవుడు దూరమును జయించినాడని పాఠ్యపుస్తకములు చెపుతున్నాయి. ఆ మాటను మేము కాదనము. అయితే ఏ దూరమును జయించినాడు, ఎవరి కొరకు జయించినాడు అని అడుగవలసి ఉన్నదని మా అభిప్రాయము. ఈ వ్యాసము ఆ ప్రశ్న కొరకే.

గ్లోబు మీద ఒక దారము

మొదట లెక్క చూతము. ఒక చివర మన హైదరాబాదును, రెండవ చివర అమెరికా పశ్చిమ తీరమందలి శాన్ ఫ్రాన్సిస్కోను తీసికొందాము. ఈ రెండు నగరములనే ఎన్నుకొనుటకు కారణమున్నది. 1998లో మాదాపూరు రాళ్ళగుట్టల నడుమ సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైనది. ఆ సంవత్సరమే మైక్రోసాఫ్ట్ సంస్థ హైదరాబాదులో తన అభివృద్ధి కేంద్రమును తెరచినది. 2004లో గూగుల్ వచ్చినది. 2019లో నానక్‌రామ్‌గూడలో అమెజాన్ సంస్థ ప్రపంచములోనే తనకు గల అతి పెద్ద కార్యాలయ భవనమును ప్రారంభించినది. ఈనాడు హైటెక్ సిటీలోని ఒక బల్లకును, శాన్ ఫ్రాన్సిస్కోకు దక్షిణమున గల సిలికాన్ వ్యాలీలోని మరియొక బల్లకును నడుమ పగలనక రాత్రియనక పని నడుస్తున్నది. తెలుగు దేశమందలి ఎన్నో ఇండ్లకు ఆ ఊరు ఇప్పుడు బంధువుల ఊరు.

గోడకు వ్రేలాడే పటము మీద చూచినచో హైదరాబాదు నుండి శాన్ ఫ్రాన్సిస్కోకు దారి తిన్నగా తూర్పునకు, పసిఫిక్ మహాసముద్రము మీదుగా పోవలెనని తోస్తుంది. పటము బల్లపరుపు, భూమి గుండ్రన. మా భూగోళశాస్త్ర తరగతిలో ఒక గ్లోబు ఉన్నది. దాని మీద ఈ రెండు ఊళ్ళకు నడుమ ఒక దారమును బిగించి పట్టుకొమ్మని విద్యార్థులకు చెపుతాము. దారము తూర్పునకు పోదు. హైదరాబాదు నుండి ఉత్తరమునకు, కొంచెము తూర్పునకు మొగ్గి, హిమాలయములను, టిబెట్టును, మంగోలియాను, సైబీరియాను దాటి, ఆర్కిటిక్ సముద్రపు అంచులను తాకి, అలాస్కా మీదుగా క్రిందికి దిగుతుంది. చూచిన ప్రతి విద్యార్థి మొగమున ఆశ్చర్యము కనబడుతుంది. గోళము మీద రెండు స్థలముల నడుమ అతి దగ్గరి దారి ఇదియే. దీనినే మహావృత్తమార్గము అంటారు. ఈ దారిలో దూరము సుమారు 13,500 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు కనుక ఏ ఊరికైనను 20,000 కిలోమీటర్లకు మించి దూరపు ఊరు ఉండదు. ఆ విధముగా మనకు సాధ్యమైన గరిష్ఠ దూరములో మూడింట రెండు వంతులు శాన్ ఫ్రాన్సిస్కో వద్దనే ముగిసిపోతున్నది.

ఈ లెక్క నిన్న మొన్నటిది కాదు. పదకొండవ శతాబ్దమందలి అల్ బిరూనీ నగరముల అక్షాంశ రేఖాంశములను, వాటి నడుమ దూరములను నిర్ణయించుటకై ఒక గ్రంథమునే వ్రాసినాడు. నందనా కోట వద్ద కొండ మీద నిలిచి, దిగంతము ఎంత క్రిందికి వంగినదో కొలిచి, దాని నుండి భూమి వ్యాసార్ధమును గణించినాడు. దూరదేశపు మసీదులకు కిబ్లా దిక్కును లెక్కించుటకు ఆనాటి గణితజ్ఞులు ఈ గోళగణితమునే వాడినారు. అమెరికాలోని మసీదులు చాలవరకు ఈశాన్యమునకు ముఖము పెట్టి ఉండుటకు కారణము ఈ దారపు లెక్కయే. మన పాతబస్తీలోని ఫిసల్‌బండలో 1901లో నవాబు జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల తరువాతి కాలములో ప్రపంచ నక్షత్ర పట్టిక తయారీలో పాలుపంచుకొన్నది. ఆకాశమును కొలిచే విద్య మన వీధికి క్రొత్తది కాదని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను.

దారము మరియొక వింతను కూడ చూపుతుంది. మన వాళ్ళు చాలామంది దుబాయిలో విమానము మారి అమెరికాకు పోతుంటారు. హైదరాబాదు నుండి దుబాయి సుమారు 2,550 కిలోమీటర్లు. దుబాయి నుండి శాన్ ఫ్రాన్సిస్కో సుమారు 13,000 కిలోమీటర్లు. అనగా నాలుగు గంటలు ఎగిరి, రెండున్నర వేల కిలోమీటర్లు పోయిన తరువాత గమ్యము మనకు కేవలము 500 కిలోమీటర్లు దగ్గరైనది. మొత్తము ప్రయాణము రెండు వేల కిలోమీటర్లు పెరిగినది. పోయిన దూరము వేరు, చేరువైన దూరము వేరు. ఈ ఒక్క భేదము మనస్సులో ఉంచుకొన్నవారికి ఈ వ్యాసములోని మిగిలిన భాగము సులభముగా బోధపడుతుంది.

గంటల లెక్క

పెద్ద విమానము గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. ఆ వేగముతో 13,500 కిలోమీటర్లకు 15 గంటలు చాలవలెను. ఆచరణలో అంత సూటి దారి దొరకదు. గాలి ఎదురు కావచ్చును. మధ్య ఆసియాలోని ఎత్తైన పర్వతముల మీద ప్రమాదము కలిగినచో దిగుటకు తావులు తక్కువ. రాజ్యముల నడుమ వైరము ఉన్నచో ఆకాశమునకు కూడ గేట్లు పడతాయి. 2022లో రష్యా తన గగనతలమును అమెరికా విమానములకు మూసివేసినది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలమును భారతీయ విమానములకు మూసివేసినది. అట్టి వేళల దారి చుట్టు తిరుగుతుంది, ఇంధనము ఎక్కువ కాలుతుంది, గంటలు పెరుగుతాయి. ఊళ్ళు ఉన్న చోటనే ఉన్నాయి. దూరము మాత్రము పెరిగినది.

2021 జనవరి నెల ఈ విషయమున గుర్తుంచుకొనదగినది. ఆ నెలలో ఎయిర్ ఇండియా సంస్థ హైదరాబాదు నుండి చికాగోకు మధ్యలో ఆగని విమానమును ప్రారంభించినది. సుమారు 13,300 కిలోమీటర్లు, పదహారు గంటలకు పైబడిన ప్రయాణము. ఆ సర్వీసు ఎక్కువ కాలము కొనసాగలేదు. అదే నెలలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వమున, కాక్‌పిట్‌లో అందరు మహిళలే అయి, శాన్ ఫ్రాన్సిస్కో నుండి బెంగుళూరునకు ఉత్తర ధ్రువ మార్గమున విమానమును నడిపి తెచ్చినారు. వారు 9వ తేదీ రాత్రి అక్కడ బయలుదేరి 11వ తేదీ తెల్లవారుజామున ఇక్కడ దిగినారు. ఎగిరినది సుమారు 17 గంటలే. 10వ తేదీ ఆకాశములోనే కరిగిపోయినది. మా విద్యార్థినులకు ఈ ప్రయాణమును గురించి చెప్పినపుడు తరగతి నిశ్శబ్దమైనది. ఒక అమ్మాయి చేయి ఎత్తి, "సార్, వాళ్ళు ఇంటి నుంచి విమానాశ్రయానికి ఎట్లా వెళ్ళి ఉంటారు?" అని అడిగినది. కొందరు నవ్వినారు. మేము నవ్వలేదు. ఆ ప్రశ్న వద్దకు తిరిగి వస్తాము.

కాలములో మరియొక దూరము కూడ ఉన్నది. మన గడియారము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి నడుస్తుంది. ఆ రేఖ మన కాకినాడకు సమీపముననే పోతుంది. శాన్ ఫ్రాన్సిస్కో గడియారము చలికాలములో మనకు పదమూడున్నర గంటలు, వేసవిలో పన్నెండున్నర గంటలు వెనుక. అక్కడ పగలు మొదలగునప్పటికి ఇక్కడ రాత్రి. మాదాపూరులో అర్ధరాత్రి వెలుగుతున్న అద్దాల మేడలకు అర్థము ఇదియే. విమానమెక్కకుండగనే మన యువకులు ప్రతి రాత్రి అమెరికా కాలములో జీవించి, తెల్లవారిన తరువాత హైదరాబాదు కాలములోనికి తిరిగి వస్తున్నారు. ఆ ప్రయాణమునకు టిక్కెట్టు లేదు. నిద్ర రూపమున మూల్యము ఉన్నది.

లెక్కలోనికి రాని కాలము

విమాన సంస్థల వారి పట్టికలో ఉండునది గాలిలోని కాలము మాత్రమే. మనిషి ప్రయాణము అంతకు చాల ముందే మొదలవుతుంది. పాస్‌పోర్టు, విశ్వవిద్యాలయపు ఉత్తరము, బ్యాంకు అప్పు, వీసా ముఖాముఖి, ఇవి అన్నియు దూరములోని భాగములే. 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేటు తెరచుటకు పూర్వము మన ప్రాంతపు విద్యార్థి వీసా కొరకు చెన్నై పోవలసి ఉండెడిది. ఆ కార్యాలయము 2023లో నానక్‌రామ్‌గూడలోని క్రొత్త భవనమునకు మారినది. విమానము వేగము మారలేదు. కాని వీసా కార్యాలయము మన ఊరికి వచ్చుటతో అమెరికా ఒక రాత్రి రైలు ప్రయాణమంత దగ్గరైనది. దూరమును తగ్గించుటకు యంత్రమే అక్కరలేదు, ఒక మంచి ఏర్పాటు చాలునని దీని వలన తెలుస్తున్నది.

ఏర్పాటు తెగిపోయినపుడు దూరము అనంతమగునని కూడ మనము చూచినాము. 2020 మార్చి 23న కరోనా కారణమున మన దేశమునకు సాధారణ అంతర్జాతీయ విమానములు నిలిచిపోయినవి. అవి మామూలుగా తిరిగి మొదలైనది 2022 మార్చి 27న. నడుమ ప్రత్యేక విమానములు నడిచిననూ, అవసరమున్న ప్రతివానికీ అందులో చోటు దొరకలేదు. జిద్దా మనకు సుమారు 4,100 కిలోమీటర్లు, ఆరు గంటల లోపు ప్రయాణము. కాని ఆ దినములలో మా వీధిలోని ఒక ఇంట తండ్రి జనాజా లేచినపుడు జిద్దాలోని కుమారుడు దానిని చేతి ఫోనులో చూచినాడు. ఆ ఇంటికి ఆనాడు జిద్దా ఎంత దూరమో ఏ గ్లోబు, ఏ దారము చెప్పజాలవు. పూర్వము మన హజ్ యాత్రికులు బొంబాయి రేవు నుండి ఓడలో పోయెడివారు. ఆ ఓడలు 1995లో నిలిచినవి. ఓడ దినములలో ఇంట చావు కబురు వారముల తరువాత చేరెడిది. కబురు నిమిషములో చేరి మనిషి చేరలేకపోవుట ఈ తరము వారికి క్రొత్త దుఃఖము.

పదునాలుగు కిలోమీటర్లు

ఇప్పుడు మన గడపకు వత్తము. కళాశాల గోడ మీది నగర పటమును తీసికొని, చార్మినారు మీద ఒక మేకు గుచ్చి, హైటెక్ సిటీ సైబర్ టవర్స్ వరకు తిన్నగా ఒక దారము పట్టి చూచినాము. సుమారు 14 కిలోమీటర్లు. అదే దారమును శంషాబాదు విమానాశ్రయము వైపు త్రిప్పినాము. అదియు సుమారు 14 కిలోమీటర్లే. చార్మినారు ఈ రెంటికి దాదాపు సమాన దూరమున నిలిచి ఉన్నది.

రేఖలు సమానమే. దారులు సమానము కావు. 2008లో శంషాబాదు విమానాశ్రయము ప్రారంభమైనది. మరు సంవత్సరము మెహదీపట్నము నుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే వంతెన వచ్చినది. గచ్చిబౌలిని, శంషాబాదును కలుపుతూ నగరము చుట్టు 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వెలసినది. విమానము దిగిన అతిథి నగరములోనికి రాకుండగనే హైటెక్ సిటీకి చేరుటకు రాచబాట ఏర్పడినది. అది మంచి పనియే. మేము దానిని నిందించుట లేదు. కాని పటము చూచినవారికి ఒక సత్యము తెలియకపోదు. ఆ దారి మన పాతనగరమును చుట్టివచ్చినది. లోపలికి రాలేదు.

మనకు దారులే లేవని కూడ మేము అనము. ఫలక్‌నుమా, లింగంపల్లి స్టేషన్ల నడుమ లోకల్ రైలు ఉన్నది. హైటెక్ సిటీ స్టేషను ఆ మార్గములోనిదే. కాని అది కాచిగూడ, సికిందరాబాదు, బేగంపేటల మీదుగా నగరమును చుట్టి పోవలెను. దుబాయి మీదుగా శాన్ ఫ్రాన్సిస్కో పోయినట్లే ఇదియును. 2017లో మెట్రో రైలు వచ్చినది. 2019లో హైటెక్ సిటీకి, రాయదుర్గమునకు చేరినది. జూబిలీ బస్ స్టేషన్ నుండి ఫలక్‌నుమా వరకు పోవలసిన మార్గము 2020లో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వద్ద ఆగినది. మిగిలిన 5.5 కిలోమీటర్లకు 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగినది. చార్మినారు ఆ మిగిలిన ముక్కలోనే ఉన్నది. 2023 డిసెంబరు నుండి రాష్ట్రమంతట మహిళలకు బస్సు ప్రయాణము ఉచితమైనది. మా విద్యార్థినులకు ఇది గొప్ప ఉపకారము. అయితే తగ్గినది ఛార్జీ. కాలము తగ్గలేదు.

మా కళాశాలలో బి.కాం. చదివిన ఒక అమ్మాయికి నానక్‌రామ్‌గూడలోని ఒక కార్యాలయములో ఉద్యోగము వచ్చినది. ఇల్లు చాంద్రాయణగుట్ట వైపు. నాలుగు నెలలు చేసి మానివేసినదని విని, కారణము తెలిసికొనగోరి, ఒక పనిదినమున ఆమె పోయిన దారిలోనే మేము కూడ పోయి చూచినాము. ఉదయము 7 గంటల 10 నిమిషములకు వారి ఇంటి మలుపు వద్ద షేర్ ఆటో ఎక్కినాము. బస్ స్టేషను వద్ద మెట్రో ఎక్కినాము. అమీర్‌పేటలో మారినాము. రాయదుర్గములో దిగి మరల ఆటో కొరకు నిలుచున్నాము. ఆ కార్యాలయపు గేటు ముందు దిగునప్పటికి 9 గంటల 5 నిమిషములు. దాదాపు 25 కిలోమీటర్లకు ఒక గంట 55 నిమిషములు. గంటకు 13 కిలోమీటర్ల వేగము.

ఆ అమ్మాయితో మాట్లాడినాము. "పని కష్టమనిపించలేదు సార్. జీతం బాగానే ఉంది. రాత్రి ఇంటికి వచ్చేసరికి అమ్మీ గుమ్మంలోనే కూర్చొని ఉండేది. నేను వచ్చేదాకా ఆమె అన్నం తినదు. నాలుగు నెలలు చూశాను. ఇక చాలనుకున్నాను" అన్నది. ఆ మాటలలో ఫిర్యాదు లేదు. అందువలననే అవి మమ్ములను ఎక్కువగా బాధించినవి.

ఇంటికి వచ్చి లెక్క వేసినాము. రానుపోను రోజునకు నాలుగు గంటలు. నెలకు 25 పనిదినములు అనుకొన్నచో 100 గంటలు. శాన్ ఫ్రాన్సిస్కోకు విమానములో పట్టునది 16 గంటలు. అనగా ఆ అమ్మాయి ప్రతి నెల ఆరు మార్లు అమెరికా చేరగలిగినంత కాలమును షేర్ ఆటోలలోను, స్టేషన్ మెట్ల మీదను వెచ్చించి, తన ఊరిలోనే ఉన్న ఉద్యోగమును నిలుపుకొనలేకపోయినది. హైటెక్ సిటీ నుండి శాన్ ఫ్రాన్సిస్కోకు గల దూరమును తగ్గించుటకు ఇంజనీర్లు, రాజ్యములు, సంస్థలు కలిసి పనిచేసినవి. చాంద్రాయణగుట్ట నుండి నానక్‌రామ్‌గూడకు గల దూరమును గురించి ఆ అమ్మాయి తల్లి ఒక్కతె గుమ్మములో కూర్చుండి ఆలోచించినది.

కొందరి ఆక్షేపణలు

ఈ మాటలు మా మిత్రులతో చెప్పినపుడు రెండు ఆక్షేపణలు వచ్చినవి. మొదటిది: "ఉద్యోగము కావలసినవారు ఆ ప్రక్కన గది అద్దెకు తీసికొని ఉండవచ్చును గదా?" ఉండవచ్చును. అబ్బాయిలు కొందరు ఉన్నారు కూడ. కాని తొలి జీతములో సగము అద్దెకు పోగా ఇంటికి పంపునది ఏమి మిగులును? అమ్మాయిల విషయములో ఇంటివారి ఒప్పుదల వేరే సంగతి. ఆ ఒప్పుదల క్రమముగా వస్తుంది. వచ్చువరకు రోజూ పోయివచ్చే దారి ఒకటి ఉండవలెను.

రెండవది ఇంకను బలమైనది: "దూరము వాహనములో లేదు, చదువులో ఉన్నది. ఇంగ్లీషు మాట్లాడలేనివానిని గుమ్మము ముందు దింపినను లోపలికి రానీయరు." ఇది సత్యము, దీనిని మేము దాచము. మన విద్యార్థులలో చాలమందికి ఉర్దూ వచ్చును, తెలుగు వచ్చును, లెక్కలు వచ్చును. ముఖాముఖిలో నోరు మాత్రము రాదు. అయితే రోజునకు నాలుగు గంటలు దారికి పోగొట్టుకొనువాడు ఆ ఇంగ్లీషును ఏ వేళ నేర్చుకొనవలెను? రెండు దూరములు ఒకదానిని ఒకటి పెంచుకొంటున్నవి. కనుక రెంటిని కలిపియే తగ్గించవలెను.

కమిటీ వారికి మనవి

రోడ్లు వేయుట, రైలు నడుపుట కళాశాలకు చేతనగు పనులు కావు. చేతనగునవి కొన్ని ఉన్నవి. వాటిని కమిటీ పెద్దల ముందు వినయముతో ఉంచుతున్నాము.

ఒకటి: మన పూర్వ విద్యార్థులలోను, చివరి సంవత్సరపు విద్యార్థులలోను హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడలకు రోజూ పోవువారు ఎందరు, ఏ వేళకు పోవుదురు, ఏ వేళకు వత్తురు అను పట్టికను తయారు చేయవలెను. ఇరుగుపొరుగు కళాశాలల వారు కూడ కలిసినచో ఒక బస్సునకు చాలినంతమంది తేలవచ్చును. ఆ పట్టికతో రవాణా అధికారులను కోరవచ్చును; వారికి వీలుకానిచో మనమే చందాలతో ఒక బస్సును మాట్లాడుకొనవచ్చును. పట్టిక లేని విన్నపము కాగితముగానే మిగిలిపోతుంది.

రెండు: కంప్యూటరు గది కళాశాల గంటతో పాటు మూతపడుతున్నది. దానిని సాయంత్రము మరి రెండు గంటలు తెరచి ఉంచి, అందులో ఇంగ్లీషు సంభాషణ అభ్యాసము కూడ జరుపవలెను. ఇందుకు అధ్యాపకులము మేము వంతుల వారీగా ఉండుటకు సిద్ధము.

మూడు: ద్వితీయ సంవత్సరపు విద్యార్థులందరిని సంవత్సరమునకు ఒకసారి మెట్రోలో హైటెక్ సిటీకి తీసికొనిపోయి చూపవలెను. మా తరగతిలో అడిగి చూడగా, దుబాయిలోని వీధుల పేర్లు చెప్పగలవారు ఉన్నారు. మాదాపూరులో ఒక్కసారియైనను కాలు పెట్టనివారు సగము మందికి పైగా ఉన్నారు. చూడని ఊరు ఎప్పుడును దూరమే.

నాలుగు: అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మన పూర్వ విద్యార్థులు నెలకు ఒక పర్యాయము ఫోను ద్వారా విద్యార్థులతో మాట్లాడు ఏర్పాటు చేయవలెను. చలికాలమున ఇక్కడ ఉదయము 7 గంటలైనపుడు శాన్ ఫ్రాన్సిస్కోలో ముందటి దినము సాయంత్రము అయిదున్నర. వారికి పని ముగియు వేళ, మనకు తరగతులు మొదలుకాని వేళ. ఏ వీసాకు ఏమి కావలెనో, ఏ ఏజెంటు మాట నమ్మరాదో అనుభవించినవారు చెప్పినచో ఎన్నో కుటుంబములు అప్పుల పాలు కాకుండ ఉండును.

విద్యార్థి మిత్రులతో

విద్యార్థులారా! దూరపు కొండలు నునుపు అని తెలుగులో ఒక సామెత ఉన్నది. దిల్లీ ఇంకా దూరమే అని ఉర్దూవారు నేటికిని చెప్పుకొంటారు. మొదటి సామెత దూరమును చూచి భ్రమపడవద్దని అంటున్నది. రెండవది దూరమును తక్కువగా అంచనా వేయవద్దని అంటున్నది. రెండింటిని కలిపి గుర్తుంచుకొనుడు. అమెరికా పోవలెనను కోరిక తప్పు కాదు. పోవుడు, చదువుడు, మంచి పేరు తెచ్చుకొనుడు. అయితే టిక్కెట్టులో వ్రాసిన గంటలను మాత్రమే చూచి బయలుదేరవద్దు. అప్పు తీరుటకు పట్టు సంవత్సరములు, ఇంటికి తిరిగి రాలేని పండుగలు, తల్లిదండ్రుల ముసలితనము, ఇవి అన్నియు ఆ దూరములోనివే. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు పెద్దలు. మాదాపూరు మన ఇల్లే. అది కూడ హైదరాబాదే.

ఆనాడు తరగతిలో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పుతానన్నాము. ధ్రువము మీదుగా విమానము నడిపిన ఆ స్త్రీలు ఇంటి నుండి విమానాశ్రయమునకు ఎట్లు వెళ్ళినారో మాకు తెలియదు. ఒకటి మాత్రము చెప్పగలము. ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, వారి వీధి మలుపు నుండి బడి వరకు దారి ఏర్పరచి ఉంటారు. పదునాలుగు వేల కిలోమీటర్ల ప్రయాణము ఆ మలుపు వద్దనే మొదలైనది.

మన విద్యార్థుల కొరకు ఆ మలుపు వద్ద ఉదయము ఏడు గంటలకు ఒక బస్సు నిలుచునట్లు వచ్చే సంచిక నాటికి చేయగలమా? కమిటీ వారు ఆలోచింతురు గాక.